తొలి గుక్క మన మందకే

మా అత్త రామమ్మ గొర్రెపిల్లను ఎత్తుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అప్పుడే పుట్టిన పిల్లను ఎడమ చంకలో ఇరికించుకుని, దాని కాళ్లను కొంగులో చుట్టి, కుడిచేత్తో కర్ర పట్టుకుని నడుస్తుంది. నేను ఆ ఇంటి కోడలిగా వచ్చినప్పటి నుంచి చూస్తున్నది ఇదే. నా కొడుకు పుట్టినప్పుడు వాణ్ణి కూడా సరిగ్గా అలాగే ఎత్తుకుంది. "అత్తమ్మా, వాడు మనిషిపిల్ల" అంటే, "అయితేంది, పాలు తాగుతలేడా?" అని నన్నే ఎదురడిగింది. అలాంటి మనిషి పోయిన చలికాలంలో ఒకరోజు గొర్రెపిల్లను కుడి చంకలో పెట్టుకుని వచ్చింది.

నా పేరు మల్లిక. తాండూరు బస్టాండు ఎదురుగా జిరాక్సు దుకాణం నడుపుతాను. పొద్దంతా జనం దరఖాస్తులు టైపు చేస్తూ, "సంతకం గాడ కాదయ్యా, ఈడ" అని అరుస్తూ ఉంటాను. నాకు ముక్కు మీద కోపమని మా ఆయన మల్లేశ్ ఊరంతా చాటాడు. ఆయన పని చేసేది నాపరాళ్లకు పాలిష్ పట్టే మిషన్ దగ్గర. పొద్దున్నుంచీ ఆ గర్రుమనే చప్పుడు భరించే మనిషికి ఇంటికి రాగానే నా గొంతే ఎక్కువైపోతుంది! పోనీండి. ఇవాళ ఆదివారం, గిరాకీ లేదు. లోకంలో అందరి మాటలూ టైపు చేస్తున్నాను కదా, మా అత్త ముచ్చట కూడా చేద్దామని కూర్చున్నాను.

అత్తామామలు కోట్‌పల్లి పక్కన ఒక పల్లెలో ఉంటారు. తాతల నాటి నుంచీ గొర్రెలే వాళ్ల బతుకు. మామ పేరు బిచ్చయ్య. ఆయన నోట్లోంచి మాట రావాలంటే ఏదో ఒక పండుగ రావాలి. ఇద్దరి వాటా మాటలూ అత్తే మాట్లాడేస్తుంది. గొర్రెలను లెక్కపెట్టడం మాత్రం ఆమెకు గిట్టదు. పశువుల డాక్టరు వచ్చి ఎన్నున్నాయని అడిగితే, "ఉన్నన్ని ఉన్నయి సారూ" అంటుంది. లెక్కపెడితే దిష్టి తగులుతుందట. సాయంత్రం మంద దొడ్లోకి వస్తుంటే పక్కన నిలబడి ఊరికే వింటుంది. ఒకటి తక్కువైనా ఆమెకు తెలిసిపోతుంది, ఎలాగని అడిగితే చెప్పలేదు.

అంత తెలివిగల మనిషీ ఒకసారి బోల్తా పడింది. దొడ్డి చుట్టూ వేసిన ముళ్లకంపలో చిన్న గండి పడటం ఒక సాయంత్రం చూసి, "పొద్దుగాల కంప ఏద్దాం తియ్" అనుకుని పడుకుంది. తెల్లారేసరికి మంద మొత్తం పక్కనున్న బాలప్ప కంది చేనులో ఉంది. పూత మీదున్న చేను! ముందు ఒక్క గొర్రె తల దూర్చి ఉంటుంది, దాని వెనకే మిగతావన్నీ. బాలప్ప తుండుగుడ్డ నేలకేసి కొట్టి తిట్టిన తిట్లు ఇప్పటికీ మా ఊళ్లో చెప్పుకుంటారు. అత్త ఎదురు చెప్పలేదు, తప్పు తనదని తెలుసు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు ఏ పని వాయిదా వేసినా అత్త నోట ఒకటే మాట, "బాలప్ప చేను!" మా ఆయన బండి ఇన్సూరెన్సు మరిచిపోతే బాలప్ప చేను. నేను పన్నునొప్పి పెట్టుకుని డాక్టరు దగ్గరికి పోకపోతే బాలప్ప చేను.

ఇక నాగరాణి. మా ఆడబిడ్డ. చదువంటే చెవి కోసుకునే పిల్ల. వికారాబాద్‌లో డిగ్రీ చేసి, హైదరాబాద్‌లో ఇంకా పెద్ద చదువుకు పోయి, ఇప్పుడు అక్కడే ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. ఏం పరిశోధన అని ఎవరైనా అడిగితే అత్త, "పురుగుల ముచ్చట్లు ఇంటది నా బిడ్డ" అని చెప్పేది. నేను నవ్వేదాన్ని. తీరా చూస్తే ఆ మాటలో తప్పేమీ లేదు.

పోయిన ఆషాఢంలో గొర్రెలకు నట్టల మందు తాపే రోజున రాణి ఊరికి వచ్చింది. గొర్రెల కడుపులో పెరిగే నట్టలు చావడానికి ఏటా వానలు మొదలయ్యేటప్పుడు ఆ మందు తాపుతారు. దానికీ మా వాళ్లలో ఒక రివాజు ఉంది. పశువుల ఆస్పత్రి నుంచి మందు ఎవరు మోసుకొస్తే, తొలి గుక్క వాళ్ల మందకే తాపాలి. ఊరివాళ్లంతా చుట్టూ నిలబడి చూస్తారు. మంద బాగానే ఉందంటేనే మిగతావాళ్లు తమ గొర్రెల నోళ్లు తెరుస్తారు. ఎప్పుడూ మందు తెచ్చేది మా మామే కాబట్టి తొలి గుక్క ఎప్పుడూ మా పొట్టేలుదే. ఇప్పుడు ప్లాస్టిక్ పిచికారీలు వచ్చాయి కానీ, అత్త మాత్రం వాళ్ల అత్త ఇచ్చిన వెదురు బొంగుతోనే తాపుతుంది.

ఆ రోజు పని అయ్యాక, దొడ్డి పక్కన కూర్చుని రాణి తన పని గురించి చెప్పింది. బ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు కంటికి కనపడవు. ఒక్కొక్కటీ ఏదో ఒక రసాయనాన్ని సన్నగా బయటికి వదులుతూ ఉంటుంది. అవి కొన్నే ఉన్నప్పుడు ఆ రసాయనం పలచగా ఉంటుంది. గుంపు పెరిగేకొద్దీ చిక్కబడుతుంది. ఆ చిక్కదనం తగలగానే వాటికి తాము చాలామంది ఉన్నామని తెలిసిపోతుంది. ఇక అన్నీ కలిసి ఒకేసారి పని మొదలుపెడతాయి.

"అంటె అవి సుతం లెక్కపెట్టవన్నట్టు!" అంది అత్త, తనకు తోడు దొరికినంత సంతోషంగా.

"లెక్కపెట్టవమ్మా. నీ లెక్కనే" అని నవ్వింది రాణి. "మేము గా మాటల్ని, అంటె గా రసాయనాన్ని తీసి, గాజు గిన్నెల పెంచిన క్యాన్సర్ కణాల మీద పోస్తున్నం. ఏమైతదో చూస్తున్నం."

"ఏమైతుంది?"

"ఒక రకం కణాలు చచ్చిపోతున్నయమ్మా!" పిల్ల ముఖం వెలిగిపోయింది. ఎన్నాళ్ల కష్టమో పాపం, తల్లి దగ్గర కాకపోతే ఎవరి దగ్గర చెప్పుకుంటుంది?

అంతే. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, మర్నాటికల్లా రామమ్మ బిడ్డ క్యాన్సర్‌కు మందు కనిపెట్టిందని ఊరంతా పాకింది. పరిగి నుంచి ఎవరో చుట్టం, సీసా ఎక్కడ దొరుకుతుందని మా దుకాణానికి ఫోన్ చేశాడు. నేను చెడామడా తిట్టి పెట్టేశాను.

దసరా దాటాక అత్త రాణికి ఫోన్ చేయడం ఎక్కువైంది. తిన్నావా, పడుకున్నావా అని కాదు. "చచ్చినయా?" అని అడుగుతుంది. రాణేమో "కొన్ని చచ్చినయమ్మా" అనేది. "మంచిగున్నది, మంచిగున్నది" అని అత్త ఫోన్ పెట్టేసేది. మా అమ్మకు నా పరిశోధన మీద ఎంత ఇష్టం వదినా అని రాణి మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతోందో మా ఇద్దరికీ తట్టలేదు.

అప్పుడే గొర్రెపిల్ల కుడి చంకలోకి వచ్చింది.

నేను ఊరికి పోయిన ఆదివారం అది. అత్త దొడ్డి వైపు నుంచి నడిచి వస్తోంది. ఏదో తేడాగా ఉంది. కర్ర ఎడమచేతిలో ఉంది. పిల్ల కుడివైపు ఉంది. అది కూడా అలవాటు లేక కాళ్లు తన్నుకుంటోంది.

"ఏమైంది అత్తమ్మా, చెయ్యి బెణికిందా?"

"ఏం గాలే."

"మరి పిల్ల గిటు దిక్కు వచ్చిందేంది?"

"నీకెందుకే? నా పిల్ల, నా చంక. నా ఇష్టం."

మా అత్త నన్ను కసిరిందంటే ఏదో దాస్తోందని అర్థం. లోపలికి లాక్కెళ్లి తలుపేశాను. చాలాసేపు కయ్యమాడింది. చివరికి ఎడమ రొమ్ము పక్కన చంక దగ్గర నా చెయ్యి పట్టుకుని పెట్టింది. కంది గింజ కంటే పెద్దగా, రాయిలా గట్టిగా తగిలింది.  ఎప్పటి నుంచి అంటే బతుకమ్మ పండుగప్పుడు చూసుకుందట. మామకు చెప్పలేదు, కొడుక్కి చెప్పలేదు, డాక్టరు కాకపోయినా ఇంచుమించు ఆ చదువే చదివిన కూతురికి చెప్పలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఏడుపు కూడా వచ్చింది. ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఆమె కళ్లు తుడుచుకుని, "ఇగ చాలు తియ్, పిల్లకు పాలు తాపాలె" అని లేచింది.

మర్నాడే వికారాబాద్‌లో చూపించాం. అక్కడి డాక్టరమ్మ హైదరాబాద్‌లో పెద్దాస్పత్రికి పంపింది. సూది పరీక్ష, స్కానింగు అన్నీ అయ్యాయి. క్యాన్సరే. కానీ చిన్నగానే ఉంది, చూసినంత వరకు ఎక్కడికీ పాకలేదు, వెంటనే ఆపరేషన్ చేసి తీసేస్తే మంచి ఆశ ఉంది, ఆలస్యం చేస్తే మాత్రం చెప్పలేమని డాక్టరు అన్నాడు. తారీఖు కూడా ఇచ్చాడు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. మామ అయితే ఆస్పత్రి మెట్ల మీద నిలబడి దేవుడికి దండం పెట్టాడు. మొత్తం మీద అంతా సర్దుకుంది అనుకున్నాం.

ఇంటికొచ్చాక అత్త తీరిగ్గా చెప్పింది. "కత్తి వద్దు. నా బిడ్డ చేసిన మందు తాగుత."

రాణి పరుగెత్తుకొచ్చింది. అది మందు కాదని చెప్పింది. గాజు గిన్నెలో కణాలు చావడం వేరు, మనిషి ఒంట్లో చావడం వేరని చెప్పింది. అది మందు కావాలంటే ఎన్నో ఏళ్లు పడుతుందని, అసలు కాకనే పోవచ్చని చెప్పింది. ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెప్పింది. మా అత్త పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"జర నేను చెప్పేది వినుండ్రి" అంది చివరికి, మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని. "పెరటి చెట్టు మందుకు పనికిరాదంటది లోకం. నేను అననీయ. మందు తెచ్చినోళ్ల మందకే తొలి గుక్క. గది మన రివాజా, కాదా? రేపు నా బిడ్డ గా మందు పట్టుకొని పది మందిల నిలబడుతది. అప్పుడు లోకం అడగదా, మీ అమ్మకు క్యాన్సర్ వస్తె తాపినవా అని? తాపలే, కత్తి పెట్టించిన అంటె ఎవడన్న నోరు తెరుస్తడా? నా బిడ్డ తలకాయ ఏడ పెట్టుకుంటది?"

 భయపడి మొండికేస్తోందని, కత్తి తప్పించుకోవడానికి సాకులు చెబుతోందని అనుకుంటున్నాను నేనింతసేపూ. ఆమె చూస్తే కూతురి పరువు కోసం తన ప్రాణాన్ని ముందు వరసలో నిలబెడుతోంది. పొట్టేలును నిలబెట్టినట్టే!

రాణి భోరుమంది. "నీకేమన్న అయితె నాకు గా చదువెందుకమ్మా? నా చేతులతోని నిన్ను చంపుకోవాల్నా?"

"ఏడవకు. నువ్వు భయపడుతున్నవు గని, నాకు నీ మీద నమ్మకమున్నది" అని తల నిమిరింది అత్త. ఇక ఆమెకేం చెబుతాం? మామ లేచి గొర్రెల దగ్గరికి పోయాడు. ఆపరేషన్ తారీఖు దగ్గర పడుతోంది.

రాణి రెండు రోజులు ఆలోచించింది. తర్వాత నాకు ఫోన్ చేసి, అమ్మను తీసుకుని ప్రయోగశాలకు రమ్మంది, వాళ్ల మేడమ్ ఒప్పుకుందట. అత్తతో, "సరే అమ్మా, నువ్వే వచ్చి చూడు" అని మాత్రం అంది. అత్తకు అది చాలు. మందు పోస్తారనే అనుకుంది. పొద్దున్నే తాండూరు వచ్చి నాతో పాటు రైలెక్కింది. ఒళ్లో ఒక సంచి. అందులో ఏముందని చూస్తే, నట్టల మందు తాపే వెదురు బొంగు!

"గిదెందుకు అత్తమ్మా?"

"ఆల్ల దగ్గర ఉంటదో ఉండదో."

వికారాబాద్ దాటే దాకా గొర్రెల ముచ్చట్లే చెప్పింది. తర్వాత కిటికీలోంచి చూస్తూ కాసేపు ఊరుకుంది. మా అత్త ఊరుకోవడం నేను అంతకు ముందు చూసి ఎరగను.

"భయమైతుందా?" అన్నాను.

"అయితది పిల్లా. ఎందుకు గాదు?" అంది, నా వైపు తిరక్కుండానే. "కోసుడుకు కాదు. రేపు కోసుడే అయితె గొర్రెపిల్లను ఏడ పెట్టుకోవాలె?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. లింగంపల్లి వచ్చే దాకా వదల్లేదు.

ప్రయోగశాల నేననుకున్నంత పెద్దగా ఏమీ లేదు. వరసగా బల్లలు, చల్లటి పెట్టెలు, గుంయ్‌మనే మిషన్లు. మా ఇద్దరికీ తెల్లకోట్లు తొడిగారు. అత్త కోటు మీద నుంచి కొంగు తీసి సర్దుకుంది. వాళ్ల మేడమ్ నెమ్మదిగల మనిషి, దగ్గరికొచ్చి పలకరించింది. అత్త సంచిలోంచి బొంగు తీసి చూపించగానే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ముచ్చటపడి, "నా బల్ల మీద పెన్నులు పెట్టుకోవడానికి ఇస్తారా అమ్మా?" అని అడిగింది. "ఆషాఢంల నాకు పనున్నది మేడం" అని అత్త వెనక్కి లాక్కుంది.

రాణి ఒక తెర ముందు అత్తను కూర్చోబెట్టింది. సూక్ష్మదర్శినికి కెమెరా కట్టి, ఒక పగలూ రాత్రీ జరిగేదాన్ని నిమిషం బొమ్మగా కుదించారట. మొదటి బొమ్మలో గిన్నె అడుగున పరుచుకున్న క్యాన్సర్ కణాలు కనిపించాయి. వాటి మీద ఒక బ్యాక్టీరియా మాట, అదే ఆ రసాయనం, పోశారు. చూస్తుండగానే కణాలు ముడుచుకుపోయి, గుండ్రంగా మారి, అడుగు వదిలేసి తేలిపోయాయి.

"చచ్చినయ్!" అత్త చప్పట్లు కొట్టింది. "గదే పొయ్యి బిడ్డా నాకు! ఇంకేంది?"

"ఆగమ్మా. ఇంకోటి చూడు. ఇవి సుతం రొమ్ము క్యాన్సర్ కణాలే, గని వేరే జాతి. మాట సుతం వేరే బ్యాక్టీరియాది."

రెండో బొమ్మ వచ్చింది. ఇందులో కణాల పొర మధ్యలో సన్నటి మొనతో ఒక గీత గీశారు. గీత పొడవునా కణాలు లేని ఖాళీ దారి. అటు కొన్ని, ఇటు కొన్ని. రాణి బొమ్మ నడిపింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అంచున ఉన్న ఒక కణం తల సాచింది. ఖాళీలోకి పాకింది. దాని వెనక మరొకటి. ఆ వెనక ఇంకొన్ని. చూస్తుండగానే గుంపు మొత్తం కదిలి, గీతను దాటి, అవతలి ఒడ్డుకు చేరిపోయింది.

అత్త కుర్చీలోంచి ముందుకు వంగింది. "మళ్ల పెట్టు" అంది.

రాణి మళ్లీ పెట్టింది. ఈసారి అత్త తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా చూసింది. మొదటి కణం తల సాచగానే వేలు పెట్టి చూపించింది.

"గిది ముంగటి గొర్రె. గిదే ముందు దూరింది. దీనెంబడి గివన్ని పోయినయి." గొంతు తగ్గింది. "గండి. బాలప్ప చేను."

రాణి బొమ్మను అక్కడే ఆపింది. 

"మీరు పోసిన మాట వినే గిట్ల ఉరికినయా?"

"అవునమ్మా. మాట లేకున్నా జర పాకుతయి. గీ మాట పోస్తె ఇంక జోరుగ పాకినయి."

"ఒక మాటకు చస్తున్నయి, ఇంకో మాటకు ఉరుకుతున్నయి."

"అవును."

"మరి నా రొమ్ముల ఉన్నది ఏ జాతి? నీ మాట పోస్తె చచ్చేదా, ఉరికేదా?"

రాణి తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నాకు తెల్వదమ్మా. ఎవ్వరికీ తెల్వదు. అందుకే పొయ్యనంటున్న. తెలిస్తె నీకు దాస్తనా?"

"తెల్వదని ముందే చెప్తె అయిపోతుండె గదా!"

"నెల నుంచి చెప్తున్న గదమ్మా!"

"చెప్పినవా?" అత్త ఆశ్చర్యంగా నా వైపు చూసింది. నేను తలూపాను. "చెప్పే ఉంటవు తియ్. నేనే ఇనలే" అంది. తర్వాత లేచి, తెల్లకోటు విప్పి, బొంగు సంచిలో పెట్టుకుంది. "నడువుండ్రి. తారీఖు ఏనాడు చెప్పిండు గా సారు? గండి చిన్నగున్నప్పుడే కంప ఎయ్యాలె."

నేను అక్కడే, అంతమంది చదువుకున్నవాళ్ల ముందు, అత్తను పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. "ఛీ, పక్కకు జరుగు, ఎంగిలి" అంది.

ఆపరేషన్ ముందు రోజు ఆస్పత్రిలో డాక్టరు వచ్చి ఒక మాట అడిగాడు. తీసిన గడ్డలో పరీక్షకు పోగా మిగిలిన ముక్కను పరిశోధనకు ఇస్తారా, ఇవ్వకపోయినా ఫర్వాలేదు, వైద్యంలో తేడా ఏమీ ఉండదు అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్త మంచం మీద లేచి కూర్చుంది.

"పరిశోధన అంటె, నా బిడ్డ చేసే అసుంటిదా? గా ముక్క మీద మాటలు పోసి చూస్తరా?"

"అలాంటివే అమ్మా. అలాంటి ప్రయోగశాలలకే పంపుతాం."

"ఇస్తరా అని అడుగుతవేంది సారూ! గది మా మంద. తొలి గుక్క దానికే."

డాక్టరు అయోమయంగా నా వైపు చూశాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. విని ఆయన కాసేపు నవ్వి, తర్వాత నవ్వడం మానేసి, అత్త చెయ్యి పట్టుకుని, "అయితే తొలి గుక్క దానికే తాపిద్దాం" అన్నాడు. అత్త ముఖంలో ఆ రోజు కనిపించిన నిమ్మళం నేను అంతకు ముందు చూడలేదు. కూతురి పరువూ నిలిచింది, రివాజూ తప్పలేదు. ప్రాణం మాత్రం బొంగు ముందు పెట్టక్కర్లేదు, అంతే.

సాయంత్రం రాణి వచ్చి ఆ సంతోషంలో చిన్న చిక్కు పెట్టింది. ముక్కలు ప్రయోగశాలకు పేర్లతో రావట, డబ్బా మీద గుర్తు మాత్రమే ఉంటుందట. "నీది మా దగ్గరికే వచ్చినా, గది నీదని నాకు తెల్వదమ్మా. తెల్వనీయరు. అట్లనే ఉండాలె."

అత్త కాసేపు ఆలోచించింది. మళ్లీ మొండికేస్తుందేమోనని నేను మంచం దగ్గరికి జరిగాను.

"పేరు లేకుంటె మంచిదే" అంది చివరికి. "వచ్చిన ప్రతి డబ్బా మీ అమ్మదే అనుకొని పొయ్యి. చెయ్యి జాగ్రత్తగుంటది."

 రాణి తల్లి పక్కన మంచం మీద ముడుచుకుని పడుకుంది. నర్సు వచ్చి లేవమన్నా లేవలేదు. ఆ నర్సును నేను చూసిన చూపుకు మళ్లీ ఆ గది వైపు రాలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ తర్వాత వైద్యంలో జుట్టు ఊడింది. తలకు రుమాలు చుట్టుకుని, "మీ మామకు నాకు ఇప్పుడు తేడా లేదు" అని నవ్వింది. ఎడమచేత్తో బరువులు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గొర్రెపిల్లలు ఇప్పుడు కుడి చంకకు అలవాటు పడ్డాయి. మొన్న పరీక్షల్లో ఏమీ కనిపించలేదు, ఇంకా కొన్నేళ్లు చూపించుకుంటూ ఉండాలన్నారు. చూపించుకుంటూ ఉంటాం. వాయిదా వేస్తే ఏమంటుందో మీకు తెలుసు.

ఈ ఆషాఢంలో నట్టల మందు వచ్చింది. మామ తెచ్చాడు. ఊరంతా చుట్టూ నిలబడింది. పొట్టేలు నోరు నేను పట్టుకుంటే అత్త కుడిచేత్తో బొంగు వంచింది. అది తాగి తల విదిలించి, నా చీర నిండా చిమ్మింది. పని అయ్యాక అత్త చేతులు కడుక్కుని రాణికి ఫోన్ చేసింది. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది. చచ్చినయా అని ఇప్పుడు అడగడం లేదు.

"నీ డబ్బాలల్లవి తాగినయా, బిడ్డా?"

"తాగినయమ్మా. కొన్ని చచ్చినయి. కొన్ని చావలే."

బాలప్పతో సహా ఊరంతా అత్త వైపు చూసింది.

"ఫికర్ లేదు" అంది అత్త. "మళ్ల తాపు."